జేసన్‌లో టైప్ పేరు వస్తోంది: సొంత కన్వర్టర్ రాయాలా, లైబ్రరీకే వదిలేయాలా?

తూనీగ:
మా సర్వీసుకి చెల్లింపులన్నీ ఒకే జేసన్ (డేటాను టెక్స్ట్‌గా పంపే ఫార్మాట్) లిస్టులో వస్తాయి. అందులో కార్డు, బ్యాంకు బదిలీ, రీఫండ్ అన్నీ కలిసే ఉంటాయి. ఏది ఏ రకమో ప్రతి ఆబ్జెక్ట్‌లోని ‘డాలర్‌టైప్’ ($type) ఫీల్డ్ చెబుతుంది. డాట్‌నెట్‌లో జేసన్ చదివే లైబ్రరీ న్యూటన్‌సాఫ్ట్‌లో, ఆ ఫీల్డ్‌ని బట్టి క్లాసు ఎంచుకునే టైప్‌నేమ్‌హ్యాండ్లింగ్ సెట్టింగ్‌ని ఆటోలో పెట్టాం, ఒక్క లైన్‌తో పనైపోయింది. ఇప్పుడు టీమ్‌లో ఒకరు కన్వర్టర్ (జేసన్‌ని ఏ క్లాసుగా మార్చాలో చెప్పే సొంత కోడ్) రాయాల్సిందే అంటున్నారు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?

పాతకాపు:
తూనీగ గారూ, ఆ లైను ఈరోజే తీసేయండి. ఆటోలో ఆ ఫీల్డ్‌లో ఉండేది క్లాసు పూర్తి పేరు, అది ఉండే అసెంబ్లీ (కంపైల్ అయిన ఫైలు) పేరుతో సహా. అంటే మీ ప్రాసెస్‌లో ఏ ఆబ్జెక్ట్ పుట్టాలో డేటా పంపేవాళ్లు నిర్ణయిస్తున్నారు. ఆబ్జెక్ట్‌డేటాప్రొవైడర్ లాంటి ఫ్రేమ్‌వర్క్ క్లాసు పేరు అక్కడ రాసి, సర్వర్‌లో తమకు కావలసిన కమాండ్ నడిపించవచ్చు. 2017 బ్లాక్ హ్యాట్ భద్రతా సదస్సులో దీన్ని చేసి చూపించారు. జావాలో జేసన్ లైబ్రరీ జాక్సన్‌కి ఉన్న డిఫాల్ట్ టైపింగ్‌కీ ఇదే జబ్బు.

తూనీగ:
కానీ మా లిస్టు బేస్ క్లాసు (అన్ని చెల్లింపు రకాలకీ మూలమైన క్లాసు) టైప్‌తోనే ఉందండీ. దానికి సంబంధం లేని క్లాసు పేరు వస్తే ఎర్రర్ ఇస్తుంది కదా?

పాతకాపు:
ఇస్తుంది. కానీ ఆ క్లాసుల్లో ఎక్కడో లోపల ఒక్క ప్రాపర్టీ ఏ క్లాసైనా పట్టే ‘ఆబ్జెక్ట్’ టైప్‌తో ఉన్నా చాలు, ఆ తలుపు తెరుచుకుంటుంది. ఇంకో సంగతి, రేపు నేమ్‌స్పేస్ (క్లాసు పూర్తి పేరులో ముందుండే భాగం) పేరు మారిస్తే సేవ్ చేసిన పాత డేటా చదవడం కుదరదు.

రాత్రిబిల్డ్:
ప్రమాదం సంగతి ఒప్పుకుంటాను, కన్వర్టర్ రాయమంటే మాత్రం ఒప్పుకోను. నేను రాశాను. ఈ క్లాసు నీ పనేనా అని లైబ్రరీ అడిగే క్యాన్‌కన్వర్ట్‌లో బేస్ క్లాసుతో పాటు దాని పిల్ల క్లాసులన్నిటికీ అవును అన్నాను. జేసన్ చదివే రీడ్ మెథడ్ లోపల పిల్ల క్లాసుని డీసీరియలైజ్ చేయమంటే (జేసన్ నుంచి ఆబ్జెక్ట్ తయారు చేయమంటే) మళ్లీ నా కన్వర్టర్‌నే పిలిచింది, అది మళ్లీ తననే పిలుచుకుంది. చివరికి స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే పిలుపులు పేరుకుని వాటికిచ్చిన మెమరీ నిండిపోయింది. దాన్ని ట్రై-క్యాచ్ కూడా ఆపలేదు, ప్రాసెస్ మొత్తం పడిపోయింది. డాట్‌నెట్ 7 నుంచి దాని సొంత జేసన్ లైబ్రరీ సిస్టమ్.టెక్స్ట్.జేసన్‌లో జేసన్‌డిరైవ్డ్‌టైప్ ఆట్రిబ్యూట్ ఉంది. ‘కార్డు’ అనే చిన్న గుర్తుకి ఏ క్లాసో మీరే రాసి పెడతారు. మీ జాబితాలో లేని క్లాసు ఎప్పటికీ పుట్టదు.

పాతకాపు:
మంచి దారే, నేనూ వాడుతున్నాను. కానీ డాట్‌నెట్ 7, 8లో ఆ గుర్తు ఆబ్జెక్ట్‌లో అన్నిటికంటే ముందు ఉండాలి. మేం జేసన్‌ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌బీ (జేసన్‌ని బైనరీగా దాచే రకం) కాలమ్‌లో దాచేవాళ్లం. జేసన్‌బీ పొట్టి కీలను ముందుకు జరుపుతుంది. రెండక్షరాల ‘ఐడీ’ ముందుకొచ్చి, అయిదక్షరాల ‘డాలర్‌టైప్’ వెనక్కి పోయింది. టెస్టులన్నీ పాస్ అయ్యాయి, డేటాబేస్ నుంచి చదివినప్పుడే ఎర్రర్. డాట్‌నెట్ 9లో ఆ వరుస పట్టింపు తీసేసే ఆప్షన్ వచ్చింది. అయితే స్ట్రీమ్‌లో పెద్ద ఆబ్జెక్టులు వస్తే మెమరీ ఎక్కువ తింటుంది. ఇక గుర్తు బయటి కవరులో, అసలు వివరాలు లోపలి ‘డేటా’లో ఉంటే ఆట్రిబ్యూట్ పనికిరాదు, కన్వర్టర్ రాయక తప్పదు. అప్పుడు బేస్ క్లాసుకి మాత్రమే అవును అనండి, రాత్రిబిల్డ్ గారికి వచ్చిన చిక్కు రాదు. ఏ దారైనా సరే, గుర్తు నుంచి క్లాసుకి వెళ్లే జాబితా మాత్రం మన కోడ్‌లోనే ఉండాలి.

తూనీగ:
ఇప్పుడే చూశాను. రీఫండ్ క్లాసులో ‘అదనపు వివరాలు’ అనే ప్రాపర్టీ ఆబ్జెక్ట్ టైప్‌తోనే ఉంది. మా గుర్తు బయటి కవరులో లేదు కాబట్టి ఆట్రిబ్యూట్‌కే మారుతున్నాం. ఆటో లైను తీసేసిన మార్పు రివ్యూకి పంపాను.