రన్‌ఫ్లాటా, మామూలు టైరా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు

రాత్రిబండి:
మధ్యాహ్నం నుంచి ఇదే పని. వెనక టైరులో మేకు దిగింది. కారుతో వచ్చినవి రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు. ఒకచోట "దీనికి పంక్చర్ వేయం, కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంకోచోట "మామూలుది వేసేయండి, కుదుపులు తగ్గుతాయి" అన్నారు. మూడోచోట అలా వేస్తే ప్రమాదం అన్నారు. నాలుగు గంటలుగా చదువుతున్నాను, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏమీ తేలడం లేదు. రన్‌ఫ్లాటా, మామూలుదా? ఒక్క మాటలో చెప్పండి. రేపు పొద్దున్నే బయల్దేరాలి.

డిక్కీఖాళీ:
స్టెప్నీ ఉందా? ఒక్కటే మారుస్తున్నారా, నాలుగూనా? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

చల్లనిగాలి:
ఏ టైరైనా ముందు గాలి సంగతి చూడండి. మనవాళ్లు చేసే పెద్ద తప్పు, బండి నడిపి నడిపి వెళ్లి గాలి చూపించుకోవడం. టైరు వేడెక్కితే గాలి ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని తీసేస్తారు. చల్లారేసరికి ఉండాల్సిన దానికంటే తక్కువైపోతుంది. కనీసం మూడు గంటలు బండి ఆగి ఉన్నాకే చూడాలి. ఇంకో సంగతి, టైరు మీద అచ్చేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. మీరు పట్టాల్సినది అది కాదు. డ్రైవర్ వైపు తలుపు తీస్తే స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్నది పట్టండి. సగం మంది ఆ స్టిక్కర్ వైపు ఒక్కసారైనా చూసి ఉండరు.

రాత్రిబండి:
నేను గాలి గురించి అడగలేదండీ. గాలి బాగానే ఉండేది, మేకు దిగాక పోయింది. స్టెప్నీ లేదు, ఈ బండికి అసలు ఇవ్వలేదు. మార్చాల్సింది ఒక్కటే.

మట్టిరోడ్డు:
ట్యూబ్‌లెస్ అన్నా రన్‌ఫ్లాట్ అన్నా ఒకటే కదా? మాది ట్యూబ్‌లెస్. మేకు దిగాక కూడా రెండు రోజులు తిరిగాను. ఇంత ఆలోచన దేనికి?

పాతరెంచి:
ఒకటి కాదు తమ్ముడూ. ఈ మాట చాలామంది అనుకుంటారు కాబట్టి వివరంగా చెబుతాను. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే రబ్బరు దాన్ని బిగించి పట్టుకుంటుంది, గాలి మెల్లగా పోతుంది. నీకు రెండు రోజులు దొరికింది అందుకే. గాలి పూర్తిగా పోతే మాత్రం అది నేలకు అతుక్కుపోతుంది, నాలుగడుగులు నడిపినా రిమ్ము టైరును కోసేస్తుంది. రన్‌ఫ్లాట్‌లో పక్క గోడ మందంగా, గట్టిగా ఉంటుంది. గాలి సున్నా అయినా బండి బరువును ఆ గోడే మోస్తుంది. మామూలుగా చెప్పే హద్దు గంటకు 80 కిలోమీటర్ల వేగం, 80 కిలోమీటర్ల దూరం. బండి నిండా మనుషులు, సామాను ఉంటే అంత దూరం కూడా రాకపోవచ్చు. 1997లో వచ్చిన అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌కి ఈ ధైర్యంతోనే స్టెప్నీ లేకుండా చేశారు.

లోపలిరింగు:
అసలు రన్‌ఫ్లాట్ అంటే లోపల రింగు ఉండేది. మిషెలిన్ కంపెనీ పాక్స్ టైరు అలాంటిదే. గోడ మందంగా ఉన్నవాటిని "తనంతట నిలబడే టైరు" అనాలి. పేర్లు కలిపేయకండి.

పాతరెంచి:
రింగు పద్ధతి కూడా రన్‌ఫ్లాటే, కాదనను. కానీ దానికి రిమ్ము కూడా వేరేది కావాలి, అందుకే జనంలోకి రాలేదు. ఇప్పుడు రన్‌ఫ్లాట్ అడిగితే ఇచ్చేది గోడ మందంగా ఉన్నదే. టైరు పక్కన బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, మిషెలిన్ అయితే జెడ్‌పీ అని ఉంటుంది. గుర్తు చూసి కొనాలి, పేరు చూసి కాదు.

లోపలిరింగు:
మరి లోపల జిగురు పూసి వస్తాయే, మేకు దిగితే వాటంతటవే మూసుకునేవి, వాటినీ రన్‌ఫ్లాట్ అంటున్నారు.

పాతరెంచి:
అలా అనేవాళ్లది తప్పు. అవి చిన్న రంధ్రాన్ని మూస్తాయి, అదీ నేలకు తగిలే భాగంలో ఉంటేనే. గోడ చీలితే ఆ జిగురు ఏమీ చేయలేదు.

డిక్కీఖాళీ:
ఆయన అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. రాత్రిబండి గారూ, గాలి పోయాక ఎంత దూరం నడిపారు?

రాత్రిబండి:
టైరులో గాలి తగ్గిందని చెప్పే లైటు వెలిగింది. రన్‌ఫ్లాటే కదా అని ఆపలేదు. ఇల్లు చేరేదాకా ఓ 50 కిలోమీటర్లు ఉంటుంది. పెద్ద రోడ్డు కాబట్టి వంద మీదే వచ్చాను. ఇది ముఖ్యమా?

పాతరెంచి:
ముఖ్యమైంది ఇదే. 80 దాటకూడదని ఎందుకంటారంటే, గాలి లేనప్పుడు గోడ ప్రతి చుట్టుకీ వంగి లేస్తుంది, దాంతో లోపల వేడి పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వేడి విపరీతమవుతుంది. రబ్బరు లోపల పొరలు విడిపోయినా పైకి ఏమీ కనిపించదు. పంక్చర్ వేయడానికి ఒప్పుకోనివాళ్లు మీకు మేలే చేశారు. మేకు దిగగానే, గాలి ఇంకా ఉండగానే ఆపి ఉంటే కొన్ని కంపెనీలు రిపేరుకి ఒప్పుకుంటాయి. ఇప్పుడు ఆ టైరు ఇక పనికిరాదు.

ఇక మీ ప్రశ్న. స్టెప్నీ లేదు కాబట్టి రన్‌ఫ్లాటే వేయండి. మూడు రన్‌ఫ్లాట్లు, ఒక మామూలుది మాత్రం వద్దు. ఒకే ఇరుసు మీద గట్టి గోడ ఒకవైపు, మెత్తని గోడ ఇంకోవైపు ఉంటే మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు రెండు వైపులా ఒకేలా పట్టు దొరకదు. రెండోవైపు టైరు బాగా అరిగి ఉంటే ఆ జత మార్చండి. మామూలువి కావాలంటే నాలుగూ ఒకేసారి మార్చి, స్టెప్నీ గానీ, గాలి పంపూ పంక్చర్ ద్రవం ఉన్న కిట్టు గానీ కొనుక్కోండి. ఆ ద్రవం సీసాకి గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి.

మట్టిరోడ్డు:
నేనైతే నాలుగూ మామూలువే వేస్తాను. గుంతల్లో రన్‌ఫ్లాట్‌తో నడుము విరుగుతుంది.

డిక్కీఖాళీ:
కుదుపు నిజమే. కానీ రాత్రిపూట ఒంటరిగా దిగి జాకీ పెట్టక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

చల్లనిగాలి:
రన్‌ఫ్లాట్‌లో గాలి పోయినా కంటికి తెలియదు. ఆ హెచ్చరిక లైటు పనిచేస్తోందా అని ముందు చూసుకోండి. నెలకోసారి గేజీ పెట్టి చూడాలి.

రాత్రిబండి:
అమ్మని తీసుకుని వెళ్లాలి, అందుకే రన్‌ఫ్లాటే వేయిస్తున్నాను. రేపు మధ్యాహ్నానికి అదే సైజు వస్తుందన్నారు, ప్రయాణం ఎల్లుండికి మార్చాను. థాంక్స్ అండీ.

మట్టిరోడ్డు:
నాలుగూ మామూలువి వేస్తే ఆ లైటు సెట్టింగ్ కూడా మార్చాలా?