మాత్రలు మానకుండా వేస్తున్నా అమ్మకి రక్తం పెరగట్లేదు

ప్రశ్న:
అమ్మకి పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత కీమో నాలుగు సైకిల్స్ అయ్యాయి. మొదట 10.4 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 8.2. రెండు నెలలుగా ఐరన్ మాత్ర రోజూ నేనే చేతిలో పెట్టి వేయిస్తున్నాను. నిన్న తల దువ్వుకుంటూ చెయ్యి ఎత్తలేక, మధ్యలోనే దువ్వెన పక్కన పెట్టేసింది. "సరిగ్గా తినట్లేదు కదా, నాదే తప్పు" అంటోంది. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ 310 వచ్చింది, ఐరన్‌కి లోటు లేదన్నారు. మరి రక్తం ఎందుకు పెరగదు? రక్తం పెరగడానికి ఇంజెక్షన్ ఉందంట, అడగమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అమ్మగారి తప్పు ఏమీ లేదని ముందు ఆవిడకి చెప్పండి. మా ఆవిడ కూడా ఇలాగే తనని తాను తిట్టుకునేది. క్యాన్సర్‌తో ఒంట్లో వాపు గుణం ఉన్నప్పుడు లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతుంది. మాత్రలోని ఐరన్ పేగు దాటి రక్తంలోకి రాకుండా అది అడ్డుపడుతుంది, నిల్వ ఉన్నదాన్ని కూడా కదలనివ్వదు. ఆ వాపు గుణానికి ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి 310 చూసి ఊరుకోకండి. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చూసే పరీక్ష) చేశారా? అది 20 శాతం లోపు ఉంటే నరంలోకి ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్‌ని అడగండి. మా ఆవిడకి 11 వచ్చింది. ఐరన్ ఎక్కించిన మూడు వారాలకి మెట్ల మధ్యలో ఆగకుండా పైకి వచ్చింది. ఆ రోజు నాకింకా గుర్తుంది. బి12, ఫోలేట్ కూడా చూపించండి.

జవాబు:
క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నానండి. మీరు విన్న ఇంజెక్షన్ ఎరిత్రోపోయిటిన్ (ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్) అయ్యుంటుంది. దానితో నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. జబ్బు పూర్తిగా నయం చేయాలని ఇచ్చే కీమోలో సాధారణంగా వాడరు. దయచేసి సొంతంగా తెచ్చి వేయించకండి. రక్తం ఎక్కించడం ఎక్కువగా హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఆలోచిస్తారు, అయితే అంకె ఒక్కటే చూడరు. దువ్వెన సంగతి డాక్టర్‌కి ఇలాగే చెప్పండి. ఒక యూనిట్‌కి హిమోగ్లోబిన్ దాదాపు 1 గ్రాము పెరుగుతుంది. ఎక్కిస్తుండగా చలి, జ్వరం, నడుం నొప్పి వస్తే వెంటనే నర్సుని పిలవాలి.

ఇంకోటి. ఐరన్ మాత్రకి మలం నల్లబడటం మామూలే. కానీ తారులా జిగటగా ఉంటే లోపల రక్తం పోతోందేమో చూడాలి. కూర్చున్నా ఆయాసం, గుండెలో నొప్పి ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ప్రశ్న అడిగినవారు:
శాచురేషన్ 9 వచ్చిందండి! శుక్రవారం ఐరన్ ఎక్కిస్తామన్నారు. హెప్సిడిన్ గురించి అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దువ్వెన నా చేతికిచ్చి, వెనక్కి తిరిగి కూర్చుంది.