అప్‌డేట్: ప్రార్థన మళ్లీ కుదురుకుంది

ఉపవాస కూటాల్లో కలిగిన ఆసక్తి వారానికే చల్లారుతోంది, భక్తి నిలవాలంటే ఏం చేయాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

"బైబిల్లోని కీర్తనలు పైకి చదవండి" అని ఇక్కడ ఒక అక్క ఇచ్చిన సలహానే పనిచేసింది. హనుమకొండలో మా డాబా మీద పొద్దున్నే అమ్మ ఒక వచనం, నేను ఒక వచనం చదువుతున్నాం. 13వ కీర్తనలో దావీదు తనను ఎన్నాళ్లు మరచిపోతావని దేవుణ్ణే అడుగుతాడు. అక్కడ అమ్మ గొంతు ఆగిపోయింది. నాన్న పోయాక మేం కలిసి ఏడ్చి ప్రార్థించింది ఆ రోజే. మనసు ఎండిపోతే ఆ సంగతే ప్రభువుకు చెప్పుకోమని మా పాస్టర్‌గారు కూడా అన్నారు.

మిగతావాళ్లు సూచించిన కొత్త యాప్, రాత్రి ఒంటరి ప్రార్థన నాకు అవసరం పడలేదు. ఇప్పుడు 119వ కీర్తనలో ఉన్నాం. 176 వచనాలు కాబట్టి రోజుకు 8 చొప్పున చదువుతున్నాం.