1999 జనవరి 4: ఫలితం ముందే చెప్పేసినా జనం ఛానెల్ ఎందుకు మార్చారు?

మూడో తాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. 1999 జనవరి 4, సోమవారం రాత్రి అమెరికాలో పోటాపోటీగా ప్రసారమైన రెండు రెజ్లింగ్ కార్యక్రమాలను, అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి 'రా'నూ, డబ్ల్యూసీడబ్ల్యూ వారి 'నైట్రో'నూ, మొన్న ఒకదాని వెనుక ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఆ రాత్రి గురించి చదివినప్పుడల్లా కనిపించే కథ ఒక్కటే. 'రా' ఆరు రోజుల ముందే, డిసెంబరు 29న, మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో చిత్రీకరించిన కార్యక్రమం. 'నైట్రో' మాత్రం అట్లాంటాలోని జార్జియా డోమ్ నుంచి ప్రత్యక్ష ప్రసారం. అందువల్ల నైట్రో వ్యాఖ్యాత టోనీ షియవోనీ, అవతలి ఛానెల్‌లో మిక్ ఫోలీ ప్రపంచ ఛాంపియన్ కాబోతున్నాడని ముందే చెప్పేసి, దానికి టికెట్లు తెగ అమ్ముడవుతాయిలే అన్న అర్థం వచ్చేలా ఒక ఎత్తిపొడుపు మాట విసిరాడు. ఆ మాట విన్న లక్షల మంది నైట్రోను వదిలి రా వైపు వెళ్లిపోయారనీ, డబ్ల్యూసీడబ్ల్యూ పతనం అక్కడే మొదలైందనీ అంటారు.

నా సందేహం ఇది. ముగింపు తెలిసిపోయిన పోటీ మీద ఆసక్తి సహజంగా తగ్గాలి కదా? వ్యాఖ్యాత ఫలితాన్ని బయటపెట్టింది కూడా ఆ ఉద్దేశంతోనే. అటువంటప్పుడు జనం సరిగ్గా ఆ ఫలితాన్ని చూడడానికే ఎందుకు వెళ్లారు? ఇంకొక మాట కూడా ఉంది. ఒక కంపెనీ మునిగిపోవడానికి ఒక వ్యాఖ్యాత నోరుజారిన వాక్యం కారణమైందనడం నాకు మరీ అతిగా తోస్తోంది. ఆనాటి సంగతులు బాగా తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

రింగు పక్క కుర్చీ:

మూడో తాడు గారూ, మీ మొదటి సందేహానికి జవాబు ఫోలీ అనే మనిషిలోనే ఉంది. 'నైట్రో'లో కూర్చున్నవారు అతన్ని తక్కువగా అంచనా వేశారు, అంతకంటే ఎక్కువగా అతని మీద జనానికి ఉన్న అభిమానాన్ని తక్కువగా అంచనా వేశారు.

ఫోలీ డబ్ల్యూసీడబ్ల్యూకు కొత్తవాడు కాడు. 1994 దాకా అక్కడే కాక్టస్ జాక్ పేరుతో తలపడ్డాడు. ఆ ఏడాది మార్చిలో మ్యూనిక్‌లో జరిగిన పోటీలో తాళ్ల మధ్య తల ఇరుక్కుని కుడిచెవి చాలావరకు పోగొట్టుకున్నది కూడా ఆ కంపెనీ కోసమే. కండలు తిరిగిన శరీరం, అందమైన ముఖం, నడకలో దర్పం, వీటిలో ఏ ఒక్కటీ అతనికి లేదు. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ అతన్ని ఇనుప పంజరం పైనుంచి విసిరినప్పుడు వ్యాఖ్యాతల బల్ల మీద పడి, మళ్లీ లేచి పైకెక్కిన మనిషి అతను. ఇంత చేసినా ప్రపంచ ఛాంపియన్ బెల్టు మాత్రం అతని నడుముకు రాలేదు. నవంబరు 15న సెయింట్ లూయిస్‌లో జరిగిన టోర్నమెంటులో ఫైనల్ దాకా వచ్చి, తనను సొంత మనిషిలా చూసుకున్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ చేతిలోనే మోసపోయాడు. డిసెంబరులో అప్పటి ఛాంపియన్ ద రాక్‌ను స్పృహ తప్పేలా చేసి గెలిచినా, ఏదో సాకు చెప్పి బెల్టు ఇవ్వలేదు. అంటే జనవరి 4 నాటికి చూసేవారి మనసులో ఒక బాకీ మిగిలి ఉంది. ఆ బాకీ ఈ రాత్రే తీరబోతోందని పోటీ ఛానెల్ వ్యాఖ్యాత స్వయంగా కబురు పంపితే ఎవరు ఆగుతారు చెప్పండి?

ఇక ఆ పోటీనే తీసుకోండి. విన్స్ కొడుకు షేన్‌ను నేలకు అదిమిపట్టి, భుజం విరిచేస్తానని బెదిరించి, ఫోలీ ఆ అవకాశాన్ని సంపాదించుకుంటాడు. రాక్ వెంట మెక్‌మాన్ ముఠా అంతా వస్తుంది, ఫోలీ వెంట డీ-జనరేషన్ ఎక్స్ బృందం వస్తుంది. చివర్లో మెక్‌మాన్ ముఠాలోని కెన్ షామ్‌రాక్ కుర్చీతో ఫోలీని కొట్టగానే రెండు ముఠాలూ రింగు చుట్టూ కలబడతాయి. అప్పుడు అద్దం పగిలిన చప్పుడు వినిపిస్తుంది. స్టీవ్ ఆస్టిన్ వస్తున్నాడని చెప్పే ఆ చప్పుడు పూర్తికాకముందే హాలంతా లేచి నిలబడుతుంది. ఆస్టిన్ నేరుగా రింగులోకి వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా రాక్ తల మీద కుర్చీతో ఒకే ఒక్క దెబ్బ వేసి, పడి ఉన్న ఫోలీని లాగి అతని మీద పడేస్తాడు. మూడు లెక్కపెట్టడం పూర్తయ్యేసరికి వ్యాఖ్యాత గొంతు జనం కేకల కింద దాదాపు మునిగిపోతుంది. ఆ వ్యాఖ్యాత మైకేల్ కోల్. ముఖపక్షవాతం వల్ల జిమ్ రాస్ ఆ రోజుల్లో మైకు దగ్గర లేడు. రాస్ ఉండి ఉంటే ఎలా పలికేవాడోనని నాకు ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది, కానీ అది వేరే కథ.

ఇందులో ఏది ముందే తెలిసినా ఏం పోయింది? ఫోలీ గెలుస్తాడని తెలుసు. ఎలా గెలుస్తాడో, గెలిచాక ముఖం ఎలా ఉంటుందో తెలియదు. మన ఊళ్లలో కృష్ణరాయబారం నాటకానికి వచ్చినవారిలో సంధి కుదరదన్న సంగతి తెలియనివాడు ఒక్కడూ ఉండడు. అయినా పద్యం అయ్యేదాకా ఎవరూ కదలరు.

ఎడమచేతి పట్టు:

షియవోనీని ఒక్కడినే నిందించడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం. ఆ మాట అతని సొంతం కాదు, అప్పటి అధిపతి ఎరిక్ బిషాఫ్ చెప్పమంటేనే చెప్పాడు. పైగా బిషాఫ్‌కు ఇది కొత్త ఎత్తుగడ కూడా కాదు. 1995 సెప్టెంబరులో నైట్రో మొదలైన కొత్తలో అతనే స్వయంగా వ్యాఖ్యాతగా కూర్చుని, రా ముందే చిత్రీకరించిన పోటీల ఫలితాలను ఇలాగే బయటపెట్టేవాడు. అప్పుడు అది పనిచేసింది. అవతల పాచిపోయిన సరుకు ఉంది, మా దగ్గర తాజాది ఉంది అన్న ముద్ర జనంలో పడింది. 1996 వేసవి నుంచి వరుసగా 83 వారాలు రేటింగుల్లో నైట్రోదే పైచేయి కావడానికి ఈ దూకుడు కూడా ఒక కారణం.

అయితే 1995లో బిషాఫ్ బయటపెట్టినవి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫలితాలు. 1999లో బయటపెట్టింది జనం నెలల తరబడి ఎదురుచూస్తున్న ఫలితం. పాత మంత్రమే చదివారు గాని, ఎదుట ఉన్న దయ్యం మారిపోయింది.

లెక్కల పుస్తకం:

రెండో సందేహం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ కథకూ లెక్కకూ పొంతన తక్కువ.

ఆ రాత్రి రా రేటింగు 5.7, నైట్రో రేటింగు 5.0. ఛానెల్ మార్చినవారు 6 లక్షలని తరచూ చెబుతుంటారు, కానీ అది పావుగంటకొకసారి తీసిన రేటింగుల నుంచి కట్టిన అంచనా, తలలు లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు. సంఖ్య సంగతి ఎలా ఉన్నా, వెళ్లారన్నది మాత్రం నిజం. అయితే ఆ తర్వాత జరిగినదాన్ని చాలామంది వదిలేస్తారు. ఫోలీ గెలిచి, రా ముగిసేసరికి నైట్రోకు ఇంకా ఐదు నిమిషాల సమయం మిగిలి ఉంది. వెళ్లినవారిలో చాలామంది ఆ ఐదు నిమిషాల కోసం వెనక్కి వచ్చారు. అంటే ఆ ఎత్తిపొడుపు మాటతో వారు డబ్ల్యూసీడబ్ల్యూను వదులుకోలేదు. ఆ రాత్రి నైట్రో చివరి పోటీలో తలపడిన హోగన్, నాష్‌ల మధ్య ఏం జరుగుతుందో చూడాలన్న కోరిక వారిలో ఇంకా మిగిలే ఉంది.

మరుసటి వారమే నైట్రో కూలిపోయిందన్న మాట కూడా నిజం కాదు. ఆ జనవరిలో మిగిలిన వారాల్లో దాని రేటింగు 5కు కాస్త అటూ ఇటూగానే నిలిచింది. పతనం ఆ తర్వాత నెలల మీద, మెట్టు మెట్టుగా సాగింది. ఆ ఏడాది చివరికి రేటింగు 3 దరిదాపులకు పడిపోయింది. పైగా వెనకబడడం కూడా ఆ రాత్రి మొదలైంది కాదు. 83 వారాల వరుస 1998 ఏప్రిల్ 13నే తెగిపోయింది. రా మీద నైట్రో చివరిసారి గెలిచింది 1998 అక్టోబరు 26న. అది కూడా ముందురోజు లాస్ వేగస్‌లో జరిగిన హాలోవీన్ హావక్ కార్యక్రమం నిర్ణీత సమయం దాటిపోయి, చాలా ఇళ్లలో ప్రసారం మధ్యలో ఆగిపోవడంతో, ఆ కంపెనీ తార గోల్డ్‌బర్గ్ పోటీని నైట్రోలో ఉచితంగా మళ్లీ చూపించాల్సి వచ్చినందువల్ల దక్కిన గెలుపు. కాబట్టి జనవరి 4 నాటికే వారు ఓడుతున్న పక్షం. చివరకు 2001 మార్చిలో కంపెనీని మెక్‌మాన్ కొనేయడానికి దారితీసినవాటిలో యజమాని సంస్థ టైమ్ వార్నర్‌కూ ఏఓఎల్‌కూ జరిగిన విలీనం, కొత్త యాజమాన్యం రెజ్లింగ్‌ను తన ఛానెళ్ల నుంచి తీసేయాలని నిర్ణయించడం, పెరిగిపోయిన నష్టాలు, ఇవన్నీ ఉన్నాయి. ఇవేవీ షియవోనీ నోటి నుంచి రాలేదు.

మూడో తాడు:

లెక్కల పుస్తకం గారూ, ఐదు నిమిషాల సంగతి నాకు తెలియదు, చాలా కృతజ్ఞతలు. దాన్ని బట్టి చూస్తే, వెనక్కి వచ్చినవారికి ఆ ఐదు నిమిషాల్లో ఏం కనిపించిందన్నదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. నేను చూసినప్పుడు, హోగన్ నాష్‌ను వేలుతో పొడిచి పడగొట్టడం నాకు కోపం కంటే నవ్వే తెప్పించింది. ఆనాటి జనానికి అంత కోపం ఎందుకు వచ్చిందో నాకు పూర్తిగా అందలేదు.

రింగు పక్క కుర్చీ:

మీరు దాన్ని ముందువెనకలు లేకుండా చూశారు, అందుకే నవ్వు వచ్చింది. డిసెంబరు 27న వాషింగ్టన్‌లో జరిగిన డబ్ల్యూసీడబ్ల్యూ వారి స్టార్‌కేడ్ కార్యక్రమంలో గోల్డ్‌బర్గ్‌ను నాష్ ఓడించాడు. కంపెనీ ప్రకటించుకున్న లెక్క ప్రకారం అప్పటికి గోల్డ్‌బర్గ్ 173 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ వరుసను తెంచడానికి స్కాట్ హాల్ భద్రతా సిబ్బంది వేషంలో వచ్చి అతనికి విద్యుత్ షాకు ఇచ్చాడు. ఇది మోసం, నిజమైన పోటీ పెట్టి తేల్చాలి అన్నది జనం కోరిక. జార్జియా డోమ్‌లో గోల్డ్‌బర్గ్‌కూ నాష్‌కూ మళ్లీ పోటీ అని ప్రకటించి అట్లాంటాకు రప్పించారు. సుమారు 38 వేల మంది వచ్చారు. గోల్డ్‌బర్గ్‌కు అది సొంత ఊరు వంటిది, అతను జార్జియా విశ్వవిద్యాలయానికీ, అట్లాంటా ఫాల్కన్స్‌కూ ఫుట్‌బాల్ ఆడినవాడు.

తీరా కార్యక్రమం మొదలయ్యాక, ఆ కార్యక్రమాల్లో కనిపించే ఎలిజబెత్ అనే మహిళను వెంటపడి వేధించాడన్న ఆరోపణ మీద గోల్డ్‌బర్గ్‌ను పోలీసులు తీసుకుపోయినట్లు కథ నడిపారు. అతని స్థానంలో, అప్పటికి ఆరు వారాల కిందట జే లెనో టీవీ ముచ్చట్ల కార్యక్రమంలో రిటైర్మెంట్ ప్రకటించిన హోగన్ రింగులోకి వచ్చాడు. గంట మోగింది. ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. నాష్ హోగన్‌ను ఒకసారి మూలకు నెట్టాడు. హోగన్ పిడికిలి బిగించి కొట్టబోయినట్టు చేసి, ఆగి, చూపుడువేలితో నాష్ ఛాతీ మీద మెల్లగా పొడిచాడు. దాదాపు ఏడడుగుల మనిషి తుపాకీ గుండు తగిలినట్టు వెల్లకిలా పడ్డాడు. హోగన్ అతని మీద పడి, మూడు లెక్క పూర్తయి, బెల్టు అందుకున్నాడు. వెంటనే ఇద్దరూ కౌగిలించుకున్నారు. పరుగున వచ్చిన గోల్డ్‌బర్గ్‌ను అందరూ కలిసి కొట్టి, బేడీలతో తాడుకు కట్టి, అతని వీపు మీద రంగు చల్లారు. ప్రసారం అక్కడ ముగిసింది.

విలన్లు గెలిచారన్నది జనం ఫిర్యాదు కాదు, ఆ రాత్రి రాలో కూడా ముప్పాతిక వంతు సేపు విలన్లదే రాజ్యం. చూపిస్తామన్న పోటీ చూపించలేదు, దాని బదులు చూపించినదాన్ని పోటీ అనడానికి కూడా వీలు లేదు. అదే రాత్రి అవతల, టికెట్లు అమ్ముడుపోవని నైట్రో వారు ఎవరిని వెక్కిరించారో ఆ మనిషి, నెలల తరబడి చేసిన వాగ్దానాన్ని నిలబెట్టాడు. ఆ తర్వాతి వారాల్లో, ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది ఫోలీయే అని రాసిన అట్టలు రా హాళ్లలో పైకి లేచాయి.

లెక్కల పుస్తకం గారితో నాకు విభేదం లేదు, ఒక్క వాక్యం కంపెనీని ముంచలేదు. కానీ ఆ వాక్యాన్ని వేలి నుంచి విడదీసి చూడడం వల్లే ఈ రాత్రి కథ తప్పుగా చెప్పబడుతోందని నా నమ్మకం.

మీకు ఓపిక ఉంటే ఒక పని చేయండి. 1998 జూలై 6 నాటి నైట్రోను ముందు చూడండి. అదే జార్జియా డోమ్, 40 వేలకు పైగా జనం, అదే హోగన్‌ను ఓడించి గోల్డ్‌బర్గ్ మొదటిసారి ఛాంపియన్ అయిన రాత్రి అది. గోల్డ్‌బర్గ్ అతన్ని పైకెత్తినప్పుడు హాలు చేసిన చప్పుడు విన్న వెంటనే జనవరి 4 నాటి చివరి ఐదు నిమిషాలు పెట్టుకోండి, ధ్వని తగ్గించకుండా.