రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్ల మీద వోల్టేజ్‌లు కలిపితే 9 రావడం లేదు

9 వోల్టుల బ్యాటరీకి రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లను సిరీస్‌లో కలిపాను. ఓమ్ సూత్రం ప్రకారం కరెంట్ 9 ÷ 20,00,000, అంటే 4.5 మైక్రో ఆంపియర్లు. ఒక్కో రెసిస్టర్ మీద 4.5 వోల్టులు పడాలి. కానీ డిజిటల్ మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి కొలిస్తే మొదటిదాని మీద 4.29, రెండోదాని మీద కూడా 4.29 చూపిస్తోంది. మొత్తం 8.58. రెండింటికీ కలిపి ఒకేసారి కొలిస్తే మాత్రం సరిగ్గా 9.00!

బ్యాటరీ మార్చాను, వైర్లు మార్చాను, బ్రెడ్‌బోర్డ్ వదిలేసి కాళ్లు నేరుగా మెలిపెట్టి కూడా చూశాను. అదే రీడింగ్. బ్యాటరీ తీసేసి రెసిస్టర్లను విడివిడిగా కొలిస్తే రెండూ 1 మెగా ఓమే. వాటి స్థానంలో రెండు 1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెడితే లెక్క చక్కగా కుదిరింది, 4.50, 4.50. దాంతో ఇంకా అయోమయంలో పడ్డాను. కిర్కాఫ్ వోల్టేజ్ నియమం (సిరీస్‌లో ఉన్న రెసిస్టర్ల మీద వోల్టేజ్‌ల మొత్తం బ్యాటరీ వోల్టేజ్‌కు సమానం) తప్పే ప్రసక్తే లేదు కదా, తప్పు నా దగ్గరే ఉండాలి.

మీటర్ మాన్యువల్‌లో 'ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 10 మెగా ఓమ్' అని ఉంది, అంటే మీటర్ రెండు ప్రోబ్‌ల మధ్య ఉండే దాని సొంత రెసిస్టెన్స్. దీన్ని రెసిస్టర్‌కు పారలల్‌గా ఉన్న మరో రెసిస్టర్‌గా లెక్కలోకి తీసుకోవాలా? అలాగైతే 4.29 ఎలా వస్తుందో లెక్క చేసి చూపిస్తారా?