తాతయ్య మడత చాకు బ్లేడు ఊగుతోంది, బిగించడం ఎలా?

రాజోలు కుర్రాడు:
మా తాతయ్య అరటి తోటలో నడుముకు దోపుకుని తిరిగిన చాకు ఇది. కొమ్ము పిడి, బ్లేడుని పిడికి పట్టి ఉంచే ఇత్తడి రివెట్ (రెండు వైపులా తల ఉన్న మేకు). బ్లేడు తెరిచి కొన పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. నిన్న వక్క కోస్తుంటే పక్కకి జారి బొటనవేలు తెగింది. పారేయడానికి మనసొప్పడం లేదు. ఇంట్లోనే బిగించుకోవచ్చాండీ?

పాలకొల్లు బాబాయి:
బిగించుకోవచ్చు నాన్నా. ముందు కిరసనాయిలుతో కీలు కడుగు, అరటి జిగురు నల్లగా ఊడి వస్తుంది. తర్వాత రివెట్ ఒక తలని ఇనుప దిమ్మ మీద ఆనించి, రెండో తల అంచు చుట్టూ గుండు సుత్తితో చిన్నగా తట్టు. రెండు దెబ్బలకోసారి తెరిచి మూసి చూడు. సుత్తి కొమ్ముకి తగిలితే పగులుతుంది, అదొక్కటీ జాగ్రత్త!

అమలాపురం లేత్ పని:
బ్లేడు బెజ్జమే అరిగి కోలగా సాగి ఉంటే ఎంత తట్టినా మళ్ళీ వదులవుతుంది. అప్పుడు పాత రివెట్ తీయించి, బెజ్జం గుండ్రంగా సరిచేయించి, దానికి సరిపడా లావు ఇత్తడి కడ్డీ వేయించాలి. జిగురు మాత్రం పెట్టకండి, కీలు పట్టేస్తుంది.

రాజోలు కుర్రాడు:
ఆరు దెబ్బలకే ఊగడం ఆగింది బాబాయ్! మూస్తే తాతయ్య చేతిలో విన్న ఆ 'టక్' మళ్ళీ వినిపించింది. కొబ్బరి నూనె రాశాను.

పాలకొల్లు బాబాయి:
కొబ్బరి నూనె తుడిచెయ్, జిడ్డు కడుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.