పథకం పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి? (చర్చ)

పీజీ_ఓరుగల్లు: హన్మకొండ, ములుగు వైపు పల్లెల్లో ఉపాధి హామీ, గొర్రెల పంపిణీ, పింఛన్ల మీద సర్వేకి పోతున్నాం. పేదరికం తగ్గిందో లేదో తెలియాలంటే ఏం అడగాలి, ఎవరిని అడగాలి?

పర్వతగిరి_కాపరి: గొర్రెల సంగతి నేను చెప్తా. మొదటి విడతలో మా వాటా 31,250 కడితే 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు, దాన్నే యూనిట్ అంటారు. దూరం నుంచి తెచ్చిన జీవాలు, లారీ దిగేసరికే నీరసపడ్డాయి. వానలు పడగానే నీలి నాలుక రోగం వచ్చి మంద సగమైంది. చెవికి ట్యాగు కొట్టి ఫొటో తీసుకున్నోళ్లు మళ్లీ దొడ్డి మొహం చూడలేదు. "యూనిట్ అందిందా" అని అడగకు తమ్మీ. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఈనాయి, అమ్మి ఏ అప్పు తీర్చారు, అవి అడుగు.

మూల్యాంకనం_సార్: ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను. పోలిక లేని సర్వే దండగ. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలి, పింఛన్లకు స్మార్ట్ కార్డులు (వేలిముద్ర చూసి డబ్బులిచ్చే కార్డులు) తెచ్చినప్పుడు ఆదిలాబాద్, ఖమ్మం సహా 8 జిల్లాల్లో 157 మండలాలు తీసుకుని, ఏ మండలానికి కార్డులు ముందు, దేనికి వెనక అన్నది లాటరీతో తేల్చారు. ముందు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో కాజేసేది తగ్గింది. పథకంతో వచ్చిన మార్పేదో, మంచి వానలతో వచ్చిందేదో అలాగే తెలుస్తుంది.

నర్సంపేట_అక్క: త్వరగా రావడం సరే సార్, ఎంత వచ్చిందో అడగండి. 2025లో ఉపాధి పనికి రోజు కూలి రేటు 307 చేశారు. ఎండాకాలం చెరువు మట్టికి గడ్డపార దిగదు. కొలత తగ్గితే గ్రూపు మొత్తానికి కోత.

మాజీ_ఎఫ్ఏ: పని కొలిచేది టెక్నికల్ అసిస్టెంట్, తిట్లు ఊళ్లో హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్లం మాకు. సోషల్ ఆడిట్ (పనులు, ఖర్చులను జనం ముందు తనిఖీ చేయడం) వస్తే డబ్బు రికవరీ కూడా మా మీదే.

ఆడిట్_చెల్లె: మస్టర్ (హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగేది మేము అన్నా. పనికే రాని మనిషికి హాజరు ఉంటే ఎవరిని అడగాలి? గ్రామసభ తనిఖీ చేయాలని 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే రాశారు.

మాజీ_ఎఫ్ఏ: అందరినీ ఒకే గాటన కట్టకండి! 2020లో సమ్మె చేసినందుకు తీసేస్తే 2022 దాకా ఇంట్లో కూర్చున్నాం. అప్పుడు మమ్మల్ని అడిగిన ఆడిట్ ఏది?

ఆడిట్_చెల్లె: సమ్మె వేరు, దొంగ హాజరు వేరు. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

నర్సంపేట_అక్క: మీ కొట్లాటలో మా కూలి సంగతి పోయింది. ఫోన్‌లో ఫొటో తీసి వేసే హాజరు రోజుకు రెండుసార్లు, సిగ్నల్ దొరక్కపోతే చేసిన పని నీళ్లపాలు. అది రాసుకోండి.

ఎల్కతుర్తి_కౌలు: రైతుబంధు ఊసే లేదేం? 2018లో ఎకరానికి 4,000తో మొదలై తర్వాత 5,000 అయింది. దున్నేది నేను, పైసలు పట్టా ఉన్న ఆసామికి.

మూల్యాంకనం_సార్: అది పెట్టుబడి సాయం, పేదరిక పథకం కాదు. ఇక్కడ కలపొద్దు.

ఎల్కతుర్తి_కౌలు: దానికి పేరు ఏం పెట్టారో నాకెందుకు సార్? సాయం మొదలయ్యాక మా ఆసామి కౌలు తగ్గించలేదు. పల్లెలో ఎవరు బాగుపడ్డారో చూడాలంటే నన్నూ లెక్కలో పెట్టాలి.

పర్వతగిరి_కాపరి: సరిగ్గా చెప్పావన్నా. గొర్రెల రెండో విడతకి 43,750కి డీడీ (బ్యాంకు డిమాండ్ డ్రాఫ్ట్) తీసి, జీవాలు రాక ఎదురుచూసినోళ్లు ఉన్నారు. కొందరు వడ్డీకి తెచ్చి కట్టారు. లబ్ధిదారుల జాబితా పట్టుకుని తిరిగితే వాళ్ల గడప తగలదు.

పీజీ_ఓరుగల్లు: డీడీలు కట్టినవాళ్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

పర్వతగిరి_కాపరి: ముందు ఊళ్లో గొర్రెల సొసైటీ అధ్యక్షుణ్ణి కలువు. పొద్దున్నే పో, మంద తోలుకుని వెళ్తే సాయంత్రం దాకా దొరకడు.